పసుపు పూసిన క్యారవాన్

రామానుజం గారు ఆ క్యారవాన్‌ని ఇంటికి తెచ్చిన రోజున నేను ఆయనతో పోట్లాడాను. ముందుగా ఆ సంగతి ఒప్పేసుకుంటే నాకు తేలిక. సిడ్నీ శివార్లలోని స్కోఫీల్డ్స్‌లో మా వీధి ఎంత ఇరుకో చూసినవాళ్ళకే తెలుస్తుంది. రెండు వైపులా కార్లు పెడితే చెత్త బండి దూరడమే గగనం. అలాంటి చోటికి చక్రాల మీద ఇల్లులాంటి పద్నాలుగు అడుగుల డబ్బా ఒకటి కారు వెనక తగిలించుకొచ్చి, సరిగ్గా మా డ్రైవ్‌వేకి అడ్డంగా నిలిపారు. నాకా ఫార్మసీలో డ్యూటీ టైమవుతోంది. అసలే ముక్కు మీద కోపం. "రామానుజం గారూ, ఈ తుక్కు ఎవరిది?" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు సరికదా, మొహం ఇంత చేసుకుని, "నాదేనమ్మా విద్యా. నైన్టీన్ సిక్స్టీ నైన్ మోడల్. నీకంటే పెద్దది," అన్నారు.

తుక్కు అన్నందుకు ఇప్పుడు సిగ్గుగానే ఉంది. కానీ ఆ రోజు దాన్ని చూసి ఇంకో మాట అనగలిగిన మనిషి మా వీధిలో లేడు. మీగడ రంగు ఒళ్ళు, నడుముకి ఆకాశనీలం పట్టీ ఉండేదని ఆయన చెప్తే నమ్మాలి. ఎవరో పైన వేసిన ఆకుపచ్చ పెయింటు పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. కిటికీ మూలల్లో చెక్క మెత్తబడి వేలితో నొక్కితే లోపలికి పోతోంది. చక్రాల్లో గాలి లేదు. తలుపు తీస్తే ముక్కిన వాసన.

రామానుజం గారిది కాకినాడ. సిడ్నీ రైళ్ళ సిగ్నళ్ళు చూసే ఇంజనీరుగా ఇరవై ఏడేళ్ళు పనిచేసి కిందటేడు రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళుగా మాది పక్కపక్క ఇల్లు. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లోంచి ఒక్క వస్తువు చెత్తబుట్టలోకి వెళ్ళడం నేను చూడలేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న మిక్సీ ఇప్పటికీ తిరుగుతుంది, కాకపోతే దాని స్విచ్చి ఏదో పాత ఫ్యానుది. గరాజ్‌లో ఖాళీ మైలో పొడి డబ్బాలు వరసగా ఉంటాయి. వాటి మీద ఆయన దస్తూరీలో తెలుగు చీటీలు: పొట్టి స్క్రూలు, పొడుగు స్క్రూలు, దేనివో తెలియని స్క్రూలు. మూడో డబ్బా అన్నిటికంటే పెద్దది. అలాంటి మనిషికి యాభై ఏళ్ళ నాటి క్యారవాన్ దొరకడమంటే కోతికి కొబ్బరిచిప్ప దొరకడమే.

దాన్ని అమ్మినావిడ పేరు మిసెస్ డాసన్. ఎనభై నాలుగేళ్ళు, విండ్సర్ వైపు ఉంటుంది. భర్త పోయాక ఆ బండి పదేళ్ళుగా షెడ్డులో పడుంది. ఈయనకంటే ముందు ఒక కుర్రాడు వచ్చి బేరం కూడా ఖాయం చేసుకున్నాడట. లోపలివన్నీ పీకేసి కాఫీ బండి చేస్తానని అతను నోరు జారేసరికి ఆవిడ తలుపేసేసింది. రామానుజం గారు మాత్రం అందులోకి వెళ్ళి, ఓ అరగంట బయటికి రాకుండా ప్రతి అరా తెరిచి, ప్రతి మూతా ఎత్తి చూసి, "లోపల ఏదీ మార్చను, బాగుచేస్తాను," అని మాటిచ్చారు. ఆ మాట మీదే బండి ఇచ్చింది.

తర్వాత ఎనిమిది నెలలు ఆయన, అవతలి పక్క సందులోంచి పెరట్లోకి చేర్చిన ఆ డబ్బాలోనే కాపురం పెట్టారు. సెలవు రోజుల్లో నేనూ కంచె దాటి వెళ్ళి చెక్కలు పట్టుకునేదాన్ని. పట్టుకుంటూ సణిగేదాన్ని, అది వేరే సంగతి. కుళ్ళిన చెక్క తీసి కొత్తది అతికించారు, కప్పు కారకుండా చేశారు, దీపాలు వెలిగించారు, రిజిస్ట్రేషన్ చెకింగ్ గట్టెక్కించారు. పని జరిగేకొద్దీ నాకూ కళ్ళు తెరుచుకున్నాయి. ఆ క్యారవాన్‌లో ఒక్క వస్తువు కూడా ఒక్క పనితో ఊరుకోదు. బల్ల కిందికి దించితే మంచం. సోఫా మూత ఎత్తితే దుప్పట్ల పెట్టె. పొయ్యి మీద రేకు దించితే కూరలు తరుక్కునే చోటు. మెట్టు కూడా మడిచి కిందికి తోసేయొచ్చు.

"కొత్తవాటిల్లో అన్నీ బటన్లమ్మా, పాడైతే పారేయడమే," అన్నారు ఒకసారి. "దీన్ని చేసినవాడికి, ఎప్పుడో ఒకడొచ్చి రిపేర్ చేసుకుంటాడని తెలుసు. చూడు, ప్రతి స్క్రూ మన చేతికి అందుతుంది."

అదీ బాగానే ఉంది కానీ అసలు సంగతి వేరే ఉందని ఇంకో రోజు బయటపడింది. నేను కప్పు చెక్క ఎత్తి పట్టుకుని ఉన్నాను, ఆయన నోట్లో రెండు స్క్రూలు పెట్టుకుని స్క్రూడ్రైవర్ వెతుకుతున్నారు. ఉన్నట్టుండి స్క్రూలు తీసి, "గిరావీన్‌లో మేం మొదట ఉన్న ఫ్లాట్ ఇంతేనమ్మా," అన్నారు. "మీ అక్కయ్య పొయ్యి దగ్గర నుంచి కదలకుండా నా కంచంలో దోసె వేసేది. ఇప్పుడు ఐదు బెడ్రూములు. నేను పైన, ఆవిడ కింద. లంచ్‌కి రమ్మని ఫోన్ చేస్తుంది." చేతిలో స్క్రూలు అటూ ఇటూ తిప్పుతూ, "ఆవిడతో ఒక్కసారి ఇందులో వెళ్ళి నాలుగు రోజులుండాలనమ్మా నా కోరిక," అన్నారు. నేను చెక్క పట్టుకుని ఉన్నాను కాబట్టి కళ్ళు తుడుచుకోడానికి కుదరలేదు.

కోరిక చిన్నదే. కానీ నేను అక్కయ్యగారని పిలిచే ఆయన భార్య సంగతి తెలిస్తే అది ఎంత పెద్దదో అర్థమవుతుంది. చాముండేశ్వరి గారు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తారు, ఇప్పుడు వారానికి మూడు రోజులే వెళ్తారు. మాంసం వండిన పొయ్యి మీద వండింది ఆవిడ ముట్టరు. ఇందులో ఎవరి మీదా చిన్నచూపు లేదు, ఆవిడకి గొంతు దిగదు, అంతే. మా ఇంట్లో కోడికూర వండుతాం కాబట్టి మా ఇంటికొస్తే అరటిపండు, మంచినీళ్ళు. ఆవిడకోసం ఒక స్టీలు గ్లాసు వేరే ఉంచాను. నాకు జ్వరమొస్తే మూడు పూటలా మిరియాల చారు పంపింది ఆవిడే, కనక ఆ గ్లాసు గురించి నాకెప్పుడూ బాధ లేదు. కానీ ఈ నియమం మూలంగా ముప్పై ఏళ్ళుగా వాళ్ళిద్దరూ చుట్టాలిళ్ళలో, మెల్బోర్న్ దగ్గర క్లైడ్ నార్త్‌లో కూతురు సింధుజ ఇంట్లో తప్ప ఎక్కడా ఒక్క రాత్రి గడపలేదు. కటూంబా కొండలు చూడ్డానికి వెళ్ళినా పులిహోర డబ్బాతో పొద్దున బయల్దేరి దీపాల వేళకి ఇంట్లో ఉండేవారు.

అలాంటావిడ క్యారవాన్‌కి ఒప్పుకుంది. సొంత వంటిల్లు వెంట వస్తుందంటే ఎందుకు ఒప్పుకోదు? పాత మంగళగిరి చీర ఒకటి కత్తిరించి కిటికీలకి తెరలు కుట్టింది. పోపులపెట్టె ఏ అరలో పడుతుందో కొలిచింది. జూన్‌లో కింగ్స్ బర్త్‌డే లాంగ్ వీకెండ్‌కి నాలుగు గంటల ప్రయాణం దూరాన, మడ్జీ అవతల గల్గాంగ్ ఊళ్ళో క్యారవాన్లు నిలిపే పార్కులో మూడు రాత్రులకి చోటు బుక్ చేశారు. మే నెలంతా రామానుజం గారు ఎవరు కనపడితే వాళ్ళకి, అడక్కపోయినా, మేం గల్గాంగ్ వెళ్తున్నాం అని చెప్పారు. మా పోస్ట్‌మన్‌కి కూడా చెప్పారు.

మే నెలాఖర్లో మిసెస్ డాసన్ చూడ్డానికి వచ్చింది. చేతికర్ర పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని మెట్టెక్కి లోపల నిలబడింది. మీగడ రంగు గోడలు, ఆకుపచ్చ ఎనామెల్ పొయ్యి, అన్నీ తళతళలాడుతున్నాయి. ఆవిడ పొయ్యి మీద చెయ్యి వేసి, ప్రతి క్రిస్మస్‌కీ సముద్రం పక్కన భర్త లెన్ ఈ పొయ్యి మీదే పొద్దున్నే బేకన్ వేయించేవాడని, ఆ కొవ్వు చిటపటలాడి గోడల మీదికి ఎగిరేదని, వాసనకి పక్క టెంట్ల వాళ్ళు కంచాలు పట్టుకొచ్చేవారని చెప్పింది. మెచ్చుకోలుగానే చెప్పింది పాపం. గోడకి ముక్కు ఆనించి పీల్చి, ఆ వాసన ఇంకా ఉందని నవ్వింది.

బేకన్ అంటే పందిమాంసమని చాముండేశ్వరి గారికి ఎవరూ చెప్పక్కర్లేదు. మా పక్కనే నిలబడి, అప్పటిదాకా పొయ్యి పక్క గట్టు మీద ఆనించి ఉన్న చేతిని ఆవిడ మెల్లగా తీసేయడం నేను చూశాను. ముసలావిడకి టీ, జంతికలు పెట్టి, గుమ్మందాకా వచ్చి సాగనంపారు. మర్యాదకి లోటు రానివ్వలేదు. మిసెస్ డాసన్ కారు మలుపు తిరిగాక భర్త వైపు తిరిగి, "నేను రానండీ," అన్నారు.

ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఈ సంగతి ముందే తట్టకపోవడం నాకు విడ్డూరంగా ఉంది. పాత పొయ్యి అని చూశారే తప్ప దాని మీద ఏం వండి ఉంటారని ఆయన ఒక్కసారీ అనుకోలేదట. సింధుజ ఫోన్‌లో ఇంగ్లీషులో ఒక్క ముక్కలో తేల్చేసింది, పొయ్యి మార్చేయండి నాన్నా అని. మాటిచ్చాను, మార్చనన్నారాయన. పోనీ వేరే పొయ్యి తీసుకెళ్ళి బయట వండుకుందామన్నారు.

"పొయ్యి ఒక్కటేనా?" అన్నారు చాముండేశ్వరి గారు. "ఆ గోడలు, ఆ బల్ల, అంతా అదే కదండీ. అందులో కూర్చుని నేను కాఫీ ఎలా తాగను? మీరు వెళ్ళి రండి. నేనేం అనుకోను."

కోపంగా అని ఉంటే ఆయన ఏదో ఒకటి బతిమాలుకునేవారు. ఆవిడ మామూలుగా అనేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. నేను కూడా తక్కువ తినలేదు. ఆవిడ అన్నదాంట్లో తప్పేముందని ఆయన మొహం మీదే అన్నాను. అప్పుడు నిజంగా అలాగే అనుకున్నాను. తర్వాత రెండు వారాలు ఆయన సాయంత్రం టీ కప్పు పట్టుకుని ఒక్కరే ఆ క్యారవాన్‌లో కూర్చోవడం మా వంటింటి కిటికీలోంచి చూస్తూ, నోరు కొంచెం అదుపులో పెట్టుకోవాల్సిందనుకున్నాను.

లాంగ్ వీకెండ్ ముందు గురువారం. నాకు సెలవు. మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే పక్కింటి నుంచి పెళ్ళివారింటి వాసన వచ్చింది. తొంగి చూస్తే రామానుజం గారు క్యారవాన్ మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చేతులు మోచేతులదాకా పసుపు. లుంగీ పసుపు. నుదురు తుడుచుకున్నట్టున్నారు, అది కూడా పసుపే. పక్కన రెండు బకెట్లు, గోడలకి రంగులేసే రోలర్.

జరిగింది ఇది. అంటు తగిలిన చోట వాళ్ళ మామ్మ పసుపునీళ్ళు చల్లి శుద్ధి చేసేదని ఆయనకి గుర్తొచ్చింది. మామ్మ మామిడాకుతో నాలుగు చుక్కలు చల్లేది. ఈయన ఇంజనీరు కదా, చుక్కలతో తృప్తి ఎక్కడిది? అరకిలో పసుపు రెండు బకెట్ల వేణ్ణీళ్ళలో కలిపి, ఒక్క మూల వదలకుండా, గోడలకీ కప్పుకీ అరలకీ బల్లకీ మూడు సార్లు రోలర్‌తో పూశారు. ఆరాక తుడిస్తే పోతుందనుకున్నారు. పోలేదు. గాభరాపడి బట్టల సోడా పెట్టి రుద్దారు. పసుపులో సోడా పడితే ఏమవుతుందో మన ఆడవాళ్ళెవర్నడిగినా చెప్తారు. రుద్దిన చోటల్లా ఎర్రగా పారాణి తేలింది. వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటారే, అలా.

నేను లోపలికి తొంగి చూశాను. శుక్రవారం నాటి గడపలా ఉంది, ఎక్కడ చూసినా పసుపూ ఎరుపూ. నవ్వొచ్చింది, ఆపుకోలేక నవ్వేశాను కూడా. ఆయన నవ్వలేదు. "మీ అక్కయ్య వస్తుందేమోనని చేశాను," అన్నారు. "ఇప్పుడు ఆవిడా రాదు, ఆ పెద్దావిడకిచ్చిన మాటా పోయింది." ఆ గొంతు వినగానే నా నవ్వు ఎటు పోయిందో తెలియదు. ఇంట్లోంచి ఒక గుడ్డ తెచ్చి నేనూ తుడవడం మొదలుపెట్టాను. ఏమీ లాభం లేదని తెలుస్తూనే ఉంది, కానీ ఊరికే నిలబడలేకపోయాను.

నాలుగింటికి చాముండేశ్వరి గారి కారు వచ్చింది. ల్యాబ్ బ్యాగ్ భుజాన ఉండగానే ఆవిడ నేరుగా పెరట్లోకొచ్చారు. ఆయన లేచి నిలబడి, చెయ్యాల్సిన సంజాయిషీ అంతా రెండు ముక్కల్లో చెప్పేశారు. ఆవిడ బ్యాగ్ నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, మెట్టెక్కి లోపలికెళ్ళారు. బేకన్ మాట విన్న రోజు తర్వాత ఆవిడ అందులో అడుగుపెట్టడం అదే మొదటిసారి. కప్పు చూశారు. అరలు తెరిచి చూశారు. అరల లోపల, వెనక గోడకి కూడా పసుపుంది. పొయ్యి వెనక, ఎవరి చెయ్యీ దూరని సందులో, చిన్న బ్రష్షుతో పూసినట్టుంది. అక్కడ ఆవిడ చాలాసేపు వంగి చూశారు.

బయటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. "చల్లుతారండీ, పూస్తారా ఎవరైనా?" అన్నారు. తర్వాత, "సోడా ఎవరు పెట్టమన్నారు? నిమ్మకాయ రాస్తే ఆ ఎరుపు పోతుంది. మిగతా పసుపు ఎండ తగిలితే అదే పోతుంది. పసుపు మరక ఎండకి నిలవదు," అన్నారు.

ఆయన ఆకాశం వైపు చూశారు. నేనూ చూశాను. జూన్ అంటే ఇక్కడ చలికాలం, ఎండ ఉత్తరం నుంచి ఏటవాలుగా వస్తుంది, పైగా మా రెండిళ్ళ చూరులూ దాదాపు రాసుకుంటూ ఉంటాయి. ఆ పెరట్లో ఎండ పడేది మిట్టమధ్యాహ్నం ఓ అరగంట, అదీ బట్టల తీగ మీద.

"ఇక్కడ ఎండేదీ?" అన్నారావిడ. "గల్గాంగ్‌లో ఉంటుందా?"

"ఉంటుంది. ఓపెన్ ప్లేస్. నార్త్ సైడ్ కిటికీలు పెట్టి నిలిపితే పొద్దున్నించి సాయంత్రందాకా..." ఆయన మధ్యలో ఆగిపోయారు. ఆవిడేం అడుగుతోందో అప్పటికి అర్థమైంది.

"మూడ్రోజులు చాలవు," అన్నారు చాముండేశ్వరి గారు. "ఎనిమిది రోజులకి బుక్ చెయ్యండి. నేను లీవ్ పెడతాను."

ఆయన బుర్ర ఊపారు, కానీ మనసు నిలవలేదు. మరి వంట ఎలా, లోపల కూర్చోగలవా అని అడిగారు. అడక్కుండా ఉంటే బావుండుననుకున్నాను. ఆవిడ తన ఎలక్ట్రిక్ పొయ్యి తెచ్చుకుంటానని, బయట పందిరి కింద వండుకుంటానని చెప్పి, "ఇంత పసుపు పడ్డాక ఇంకేం మిగుల్తుంది అందులో," అన్నారు. ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని ఇరవై నిమ్మకాయలు పిండి గోడలకి రాశాం. ఎరుపంతా విరిగి పసుపుకి తిరిగింది. ఆయన నిమ్మచెక్కతో ఇంకా ఇంకా రుద్దుతుంటే, ఇక చాలు, పాలిష్ పోతుందని ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపారు.

శనివారం పొద్దున్న బయల్దేరారు. మీగడ రంగు క్యారవాన్, నీలం పట్టీ, లోపల మంగళగిరి తెరలు, తెరల వెనక పసుపు. మా డ్రైవ్‌వేకి అడ్డంగా పది నిమిషాలు నిలిపి మరీ వెళ్ళారు. ఈసారి నేనేమీ అనలేదు. వీధి చివర తిరిగేటప్పుడు ఆయన హారన్ కొట్టారు. రామానుజం గారు హారన్ కొట్టడం నేను విన్నది అదే మొదలు.

రెండు మూడు మెసేజ్‌లు వచ్చాయి. మూడో రోజుకి కప్పు తెల్లబడిందట. మంగళవారం సాయంత్రం జల్లు పడి బయట వండడానికి కుదరలేదట. లోపల ఆకుపచ్చ పొయ్యి మీదే ఉప్మా చేసిందట. ఆ మెసేజ్ పెట్టింది ఆయన. ఎన్నిసార్లు చదువుకుని పంపారో, ఒక్క తప్పు లేకుండా ఉంది.

మరుసటి శనివారం ఆవిడే వీడియో కాల్ చేశారు. మర్నాడు తిరిగి రావాలి. క్యారవాన్ లోపల బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు, ఎండకి మొహం కొంచెం నల్లబడింది. ఎదుటి కిటికీలోంచి వెలుతురు సూటిగా వెనక గోడ మీద పడుతోంది. నేను ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూశాను. గోడ మీగడలా ఉంది. కప్పూ అంతే. అర తలుపులూ అంతే. అటువైపు నుంచి ఆయన, విద్యేనా, అడిగానని చెప్పు అంటున్నారు.

"ఏమైందక్కయ్యగారూ, రేపొచ్చేస్తున్నారా?" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి ఆ గోడని ఓసారి చూసి, మళ్ళీ నా వైపు తిరిగారు. "రేపెక్కడ విద్యా? పసుపు ఇంకా పోలేదు. ఇలాగే తెచ్చేస్తే ఆ పెద్దావిడకి ఏం మొహం చూపిస్తాం? ఇంకో వారం ఎండ తగలాలి."

"అవునండీ," అన్నాను. "నాకు ఇక్కడికే కనిపిస్తోంది. రెండు వారాలు పట్టినా పట్టొచ్చు."